సుడి, గుండం, గట్టు: తెలుగు మాటల్లో నీటి నడక

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం, లక్ష్మీ నగర్, ఢిల్లీ)

  

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు, 2012లో హైదరాబాదులో కన్నుమూశారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. తెలుగు ధాతువుల మీద 1961లో వచ్చిన ఆయన గ్రంథం, ద్రావిడ భాషల మీద 2003లో కేంబ్రిడ్జి వాళ్ళు వేసిన గ్రంథం ప్రపంచమంతా చదివింది. నాకు మాత్రం ఆయన చేసిన పనులన్నిటిలోకీ మాండలిక వృత్తి పదకోశం అంటే ఎక్కువ గౌరవం. దాని మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయ పదాలతో. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. విశ్వవిద్యాలయ ఆచార్యుడు రైతు దగ్గరికి వెళ్ళి, నాగలిలో ఈ కొయ్యను మీ ఊళ్ళో ఏమంటారు అని అడిగి, అతను చెప్పిన మాటను చెప్పినట్టే నిఘంటువుకు ఎక్కించడం తెలుగులో అప్పటికి కొత్త సంగతి. పండితుడి మాటకు ఎంత విలువో పనివాడి మాటకూ అంతే విలువ అని ఆయన చేసి చూపించారు.

ఆ దారిలోనే ఇవాళ నీటి మాటల గురించి మాట్లాడతాను. అన్నీ కాదు, తిరిగే నీరు, లాగే నీరు, కలగే నీరు, పొంగే నీరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనం మనసుకీ బతుకుకీ వాడుకునే నీటి మాటలు కవుల ఊహలోంచి ఊడిపడినవి కావు. నీళ్ళలో దిగి పని చేసినవాళ్ళు నీటి స్వభావాన్ని ఎంత నిశితంగా గమనించారో అంత నిశితంగా ఉన్నాయి. ఆ గమనింపు తెగిపోతే మాట మిగులుతుంది, పదును పోతుంది.

1

ముందు సుడి. ఏటి నీరు గుండ్రంగా తిరిగితే సుడి. పసిపిల్లాడి నడినెత్తిన వెంట్రుకలు గుండ్రంగా తిరిగితే అదీ సుడే. సంతలో ఎద్దును కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు, తరవాత నుదుటి మీదా వీపు మీదా చెయ్యి పెట్టి సుడులు చూస్తాడు. ఒక చోట ఉంటే యజమానికి కలిసొస్తుందంటాడు, ఇంకో చోట ఉంటే ఊరికే ఇచ్చినా వద్దంటాడు. మన పెద్దవాళ్ళు తలలో రెండు సుళ్ళున్న కుర్రాణ్ణి చూస్తే వీడికి రెండు పెళ్ళిళ్ళంటారు. (నవ్వుతున్నారు గాని, ఇక్కడ ఎంతమంది చెయ్యి నెత్తి మీదికి వెళ్ళిందో నాకు కనిపిస్తూనే ఉంది.)

తమిళంలో, మలయాళంలో ఈ మాట 'చుఴి'. కన్నడంలో 'సుళి'. తమిళ మలయాళాల్లో ఴ ఉన్నచోట మన దగ్గర డ ఉండటం తెలిసిన సంగతే. వాళ్ళ కోఴి మనకు కోడి, వాళ్ళ ఏఴు మనకు ఏడు. మనకూ ఒకప్పుడు ఆ అక్షరం ఉండేది. రేనాటి రాజుల పాత శాసనాల్లో 'చోఴ' అని ఉన్నదే తరవాత 'చోడ' అయింది. నాలుగు భాషల్లోనూ నీటి తిరుగుడు ఇంత దగ్గరి మాటే అయిందంటే, ఈ మాట భాషలు విడిపోకముందు నుంచీ మన పూర్వుల నోట ఉందన్నమాట. తమిళులు కాగితం పైన మొట్టమొదట పెట్టే గుర్తును పిళ్ళయార్ సుఴి అంటారు. నీటికీ నెత్తికీ రాతకీ ఒకే మాట.

ఇక్కడొక ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. 'వాడికి సుడి ఉంది' అంటే అదృష్టవంతుడని. 'సుడి తిరిగింది' అంటే దశ మారి మంచి రోజులొచ్చాయని. 'కష్టాల సుడిగుండంలో చిక్కుకున్నాడు' అంటే పాపం, ఇక బయటపడేట్టు లేడని. ఒకటే సుడి అక్కడ వరం, ఇక్కడ శాపం ఎలా అయింది?

ఇది నెత్తి మీది సుడి, అది ఏటి సుడి, సంబంధం లేదని తప్పించుకోవచ్చు. నాకు తృప్తి కలగలేదు. తేడా అంతా రెండో ముక్కలో ఉందని నా అభిప్రాయం.

2

ఆ రెండో ముక్క గుండం. గుండం అంటే గుంట, లోతు. నీరు తిరగడం వల్ల ఎవరికీ కీడు లేదు. ప్రతి ఏట్లోనూ, ప్రతి రాయి వెనకా, ప్రతి వంతెన స్తంభం పక్కనా నీరు తిరుగుతూనే ఉంటుంది. వడిగా పోయే నీరు బండకు తగిలి కొంత వెనక్కి మళ్ళుతుంది. ముందుకు పోయే ధారకూ వెనక్కి మళ్ళిన నీటికీ నడుమ రాపిడి పుట్టి సుడి లేస్తుంది. చిన్న సుళ్ళు పుట్టిన చోట కాసేపు తిరిగి, ధారతో పాటు కొంత దూరం పోయి, విడిపోతాయి. వాటిలో ఆకులు తిరుగుతాయి, పిల్లలు ఆడుకుంటారు. ఆ తిరుగుడు కిందికి లాగడం మొదలుపెట్టినప్పుడే అది గుండం అవుతుంది. తెలుగు మాట ఈ రెంటినీ స్పష్టంగా వేరు చేసి పెట్టింది. తిరగడం సుడి, లాగడం గుండం. అందుకే దశ తిరిగితే సుడి అన్నారు, మనిషిని అప్పు అడుక్కి లాగితే సుడిగుండం అన్నారు.

గోదావరి ఒడ్డున ఈత నేర్పేవాళ్ళు ఒక మాట చెబుతారు. సుడిలో పడితే దానికి ఎదురు ఈదకు, చేతులు పడిపోతాయి. దాంతో పాటే తిరుగుతూ అంచుకు జరిగి, పక్కకు తప్పుకో. ఈ సంగతి తెలిసినవాడు 'అప్పుల సుడిగుండం' అన్నప్పుడు ఆ మాటలో బయటపడే దారి కూడా ఉంటుంది. తెలియనివాడు అన్నప్పుడు ఉత్త భయం ఉంటుంది.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన దుర్ఘటన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబాల్లో ఎవరైనా ఇక్కడ ఉంటే, వారి దుఃఖం ముందు తలవంచే ఈ మాట చెబుతున్నాను. ఆ రోజుల్లో పత్రికల్లో 'కచ్చులూరు మందం' అన్న పేరు పదేపదే కనిపించింది. మందం అంటే మనకు తెలిసింది దళసరితనం, లేకపోతే నెమ్మది. ఆ ఊరివాళ్ళకు మాత్రం అది ఏట్లో ఒక చోటు, నీరు లోతుగా ఉండి సుళ్ళు తిరిగే చోటు. ఒడ్డు మీది ఊళ్ళకు పేర్లున్నట్టే ఏట్లోని చోట్లకూ పేర్లుంటాయని, వాటిని తెలిసినవాళ్ళు ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి పడవను ఏ పక్కకు నడపాలో చూసుకుంటారని మనకు ఆ మాట ద్వారానే తెలిసింది. నెల రోజులు దాటాక కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి తీసింది. తాళ్ళు, లంగర్లు, నీటి అడుగుకు దిగే మనుషులు, ఏటి గుణం తెలిసిన అనుభవం, వీటితోనే తీశారు.

ఆకాశంలోనూ గుండం ఉంది. రేడియోలో వాతావరణ వార్త వినండి. మొదట 'ఉపరితల ఆవర్తనం' అంటారు, అది సంస్కృతపు సుడి. తరవాత 'అల్పపీడనం'. అది బలపడితే 'వాయుగుండం', ఇంకా బలపడితే 'తీవ్ర వాయుగుండం', ఆ పైన 'తుఫాను'. ఈ వరసలో వాయుగుండం అన్న మాట ఎవరు మొదట అన్నారో గాని, వారికి చేతులెత్తి నమస్కరించాలి. నడుమ ఒత్తిడి తగ్గి గుంట పడినట్టై, చుట్టూ ఉన్న గాలి తిరుగుతూ అందులోకి చొరబడటం వాయుగుండం స్వభావం. మొత్తం శాస్త్రం ఆ ఒక్క మాటలో ఉంది. 1840లలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తుఫానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టినప్పుడు పాము చుట్టను తలచుకున్నాడు. మలయాళీలు 'చుఴలిక్కాట్టు' అని సుడినే తలచుకున్నారు. మనం తిరుగుడుతో ఆగకుండా లోతును తలచుకున్నాం.

3

తిరిగిన నీరు కలగుతుంది, అంటే అడుగు మట్టి లేచి చెడుతుంది. కలక నీరు. మనసు అలాగే అయితే కలత. రెండూ కలగడం అన్న ఒకే క్రియలోంచి వచ్చాయి. దీనికి విరుగుడు మాట ఇంకా గొప్పది. నీటి మట్టి అడుక్కి దిగి పైన తేటపడితే నీరు 'తేరింది' అంటాం. దెబ్బ తిన్న మనిషి మళ్ళీ మామూలుగా అయితే 'తేరుకున్నాడు' అంటాం.

వరద రోజుల్లో గోదావరి ఊళ్ళలో ఈ పనిని దగ్గరగా చూడవచ్చు. ఏటి నుంచి తెచ్చిన ఎర్రనీళ్ళు బిందెలో పోస్తారు. అడుగు కనిపించదు, చెయ్యి పెడితే వేళ్ళు కనిపించవు. ఇంటావిడ పటిక ముక్కను వేళ్ళతో పట్టుకుని ఆ నీళ్ళలో గుండ్రంగా తిప్పుతుంది. పూర్వం చిల్లగింజ అరగదీసి కలిపేవారు. నీరు బిందెలో సుడి తిరుగుతుంది. ఆ తిరుగుడులోనే సన్నని మట్టి రేణువులు ఒకదానికొకటి తగిలి, అంటుకుని, నలుసులై, బరువెక్కుతాయి. తరవాత బిందెను కదపకూడదు. పిల్లలు అటువైపు వెళితే కేకలేస్తుంది. పొద్దున్నే చూస్తే పైన తేట, అడుగున వేలెడు ఒండ్రు. ఒండ్రు కదలకుండా పైనీరు వేరే పాత్రలోకి వంచుతుంది.

ఇప్పుడు 'తేరుకోవడం' అన్న మాట చూడండి. మట్టి ఎక్కడికీ పోలేదు, అడుగున ఉంది. నీరు తేరిందంటే బాధ మాయమైందని కాదు, దిగిందని. మళ్ళీ ఎవరైనా కదిపితే లేస్తుంది. అందుకే పరామర్శకు వెళ్ళినప్పుడు 'పాత సంగతులు కదపకు' అంటారు మనవాళ్ళు. శోకం గురించి ఇంత నిజాయతీగా చెప్పిన మాట నాకు ఇంకొకటి తెలియదు. తేట తెలుగు అని మనం గర్వంగా అంటాం గదా, ఆ తేట కూడా ఈ బిందెలోదే.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనూ నీరూ కదలికా ఉన్నాయి. కల్లోలం అంటే పెద్ద అల. ఆందోళన అంటే ఊగడం. సంక్షోభం అంటే కుదిలించబడటం. భ్రమకూ భ్రమణానికీ ఒకే ధాతువు. వీటిని మనం ఎన్నో వందల ఏళ్ళుగా వాడి అరగదీశాం. అల్లకల్లోలం అన్నప్పుడు అల ఎవరికీ కనిపించడం లేదు. కలతలో, తేరుకోవడంలో మాత్రం బిందె ఉన్న ఇంట్లో నీరు ఇంకా కనిపిస్తోంది.

4

సముద్రం దగ్గర కొద్దిసేపు ఆగుతాను. ఆటు అంటే నీరు వెనక్కి తగ్గడం, పోటు అంటే ముందుకు పొంగి రావడం. స్టాకు మార్కెట్ వార్తల్లో ఆటుపోట్లు అంటే కుదుపులని మాత్రమే అర్థం. రేవులో పడవవాడికి ఆటుపోట్లు కుదుపులు కావు, వేళలు. పోటుకు పడవ ఏట్లోకి వస్తుంది, ఆటుకు కడలిలోకి పోతుంది. జీవితంలో ఆటుపోట్లు సహజం అని పెద్దలు అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ఈ వేళల లెక్కే: పోయిన నీరు మళ్ళీ వస్తుంది, ఎప్పుడొస్తుందో కూడా చెప్పవచ్చు.

ఉప్పెన అలాంటిది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది ఉప్పెన. ప్రభుత్వ లెక్కలోనే 10,000 మంది దాకా పోయారు. తుఫాను గాలి సముద్రాన్ని ముందుకు తోస్తుంది, తీరం దగ్గర లోతు తక్కువ, తోసిన నీటికి పోయే చోటు లేక లేచి ఊళ్ళ మీద పడుతుంది. తుఫాను అన్న మాట వింటే మనం తలుపులు బిడాయించుకుంటాం. ఉప్పెన అన్న మాట వింటే ఇల్లు వదిలి మెరకకు పరుగెత్తాలి. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం ప్రాణాల మధ్య ఉన్న దూరం. ఇవాళ ప్రేమ ఉప్పెన, అభిమానుల ఉప్పెన, ఓట్ల ఉప్పెన అని రాస్తున్నారు. రాయవద్దని అనను. కాని కృష్ణా తీరంలో పుట్టిన పిల్లవాడికి ఆ మాట మొదట సినిమా పేరుగా తెలిసి, సముద్రం పేరుగా ఎప్పటికీ తెలియకపోతే అది మనం ఊరుకోవలసిన విషయం కాదు. వరద, వెల్లువ, ఉప్పెన, ముంపు నాలుగూ నాలుగు రకాల నీళ్ళు. వార్త రాసేవాళ్ళు ఈ నాలుగింటినీ ఒకటిగా కలిపేస్తే నష్టపోయేది భాష ఒక్కటే కాదు.

5

ఇప్పుడు మన యమున దగ్గరికి వద్దాం. మీలో చాలామంది రోజూ మెట్రోలో ఇంద్రప్రస్థ దాటి యమునా బ్యాంక్ చేరే లోపల ఏరు దాటుతున్నారు. ఫోనులోంచి తల ఎత్తేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. అయితే 2023 జూలైలో అందరం తల ఎత్తాం. 13వ తేదీన పాత ఇనప వంతెన దగ్గర నీటిమట్టం 208.66 మీటర్లు. అంతకు ముందు 1978లో వచ్చిన 207.49 మీటర్లే రికార్డు. ఐటీఓ బ్యారేజీ గేట్లు కొన్ని పూడికతో బిగుసుకుపోయి తెరుచుకోలేదు. గోదావరి వాళ్ళకు ఇది పెద్ద నీరు కాదని కొందరు అన్నారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు చూసినవాళ్ళం, నిజమే. కాని ఖాదర్‌లో గుడిసె వేసుకుని కూరగాయలు పండించుకునేవాడికి ఇంటి చూరు మునిగితే చాలు, అంకెలతో పనిలేదు.

ఖాదర్ అంటే మన లంక భూమి వంటిదే. నీరు వచ్చేసరికి అక్కడివాళ్ళు మంచాలు, మేకలు, గ్యాసు సిలిండర్లు మోసుకుని పుస్తా మీదికి, పెద్ద రోడ్ల పక్కకు ఎక్కారు. తూర్పు ఢిల్లీలో పుస్తా అంటే ఏటి కట్ట. గోదావరి వాళ్ళు ఏటిగట్టంటారు, కృష్ణ వాళ్ళు కరకట్టంటారు. లక్ష్మీ నగర్ తెలుగు పిల్లలకు పుస్తా రోడ్డు తెలుసు, గట్టు తెలియదు. అయినా పరీక్ష పాసైతే 'అమ్మయ్య, గట్టెక్కాను' అంటారు! ఆ రోజు పుస్తా మీద టార్పాలిన్ కింద కూర్చున్న తల్లి, పక్కన పిల్లలు, కట్టేసిన మేక. గట్టెక్కడం అంటే అది. గెలవడం కాదు. మునగకుండా ఉండటం, సామాను సగం పోయినా మనుషులు మిగలడం, నీరు తీసేదాకా అక్కడే ఎదురుచూడటం.

నీటితో మనిషికి జరిగే మేలుకీ కీడుకీ తెలుగులో ఉన్న మాటలు చాలామటుకు ఇలా ఒడ్డు నుంచి వచ్చినవే. ఒడ్డున పడ్డాడు. దరి చేరాడు. దిక్కూ దరీ లేదు. కీడుకు నట్టేట ముంచాడు. మన పొరుగు హిందీవాళ్ళు మఝ్‌ధార్‌లో విడిచిపెట్టాడంటారు. వాళ్ళ ద్రోహి నడి ఏట్లో వదిలి వెళతాడు, మన ద్రోహి దగ్గరుండి ముంచుతాడు. మనది కటువుగా ఉన్న మాట నిజమే. నమ్మి పడవెక్కినవాడికి పడవవాడే ప్రాణం గనక, నమ్మకద్రోహాన్ని మనవాళ్ళు మునకగానే లెక్క కట్టారు.

6

చివరిగా ఒక పని గురించి.

పాపికొండల దగ్గర గోదావరి ఇక ఎక్కువకాలం ఇప్పటిలా ఉండదు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీరు నిలిస్తే వెనక ఉన్న ఏరు ఏరుగా ఉండదు, చెరువులా నిలుస్తుంది. ప్రాజెక్టు మంచిచెడ్డలు ఇవాళ్టి విషయం కాదు. దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్ళు ఇప్పటికే ముంపులోకి వెళ్ళాయి, జనం కాలనీలకు తరలిపోయారు. ధార నిలిచిపోతే మందం ఉండదు. సుళ్ళకు పేర్లు పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఆ పేర్లు తెలిసిన సరంగులు, జాలర్లు, కొండరెడ్ల పెద్దలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో, ఏటికి దూరంగా, అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ మనవలకు ఆ మాటలు చెప్పడానికి ఎదురుగా ఏరు లేదు.

భద్రిరాజు గారు ఉంటే ఏం చేసేవారో మనకు తెలుసు. వెళ్ళి అడిగేవారు. మనమూ అడగవచ్చు, దానికి భాషాశాస్త్రం చదవనక్కరలేదు. సంక్రాంతికి రాజమండ్రికో, భద్రాచలానికో, అవనిగడ్డకో వెళ్ళేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒక పూట నీళ్ళలో పని చేసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. చిన్న సుడికీ పెద్ద సుడికీ వేరే పేర్లున్నాయా అడగండి. పైకి నిలకడగా కనిపించి లోపల లాగే చోటును ఏమంటారు? సుడి అంచుకు వచ్చామని తెడ్డు పట్టిన చేతికి ఎలా తెలుస్తుంది? పెరిగే వరద నీటి రంగుకూ తీసే వరద నీటి రంగుకూ ఏమైనా మాటలున్నాయా? మీ ఊరి ఎదుట ఏట్లో పేరున్న చోట్లు ఎన్ని, ఆ పేర్లు ఎందుకొచ్చాయి? చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. పక్కన ఊరి పేరు, మండలం, చెప్పినవారు చేసిన పని రాయండి. వీలైతే వాళ్ళ గొంతు ఫోనులో రికార్డు చేయండి, అడిగి, ఒప్పుకుంటేనే. ఆ మాటలకు ఈ సభ జరిపిస్తున్న సంఘం ఇక్కడ చోటిస్తే వరసలో పెట్టే పని నేను చేస్తాను.

రాసుకోవడానికి చిన్న పుస్తకాలు బయట బల్ల మీద పెట్టించాను. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.